చెరువెండితే తప్పు ఆయకట్టుదా?

— బి.యస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి

"విద్య లేనివాడు వింత పశువు" అన్నారు మన పెద్దలు. చదువుకునేవాళ్లుండి చెప్పే గురువు లేని విద్యాలయాన్ని ఏమనాలో మాత్రం చెప్పి పోలేదు. అట్లాంటి రోజు ఒకటి వస్తుందని పాపం వాళ్లు ఊహించి ఉండరు.

మిత్రులారా! ఈ మధ్య ఎక్కడ నలుగురు కూర్చున్నా ఒక మాట వినిపిస్తోంది. "యూనివర్శిటీల్లో ఎవరూ చేరడం లేదు. డిగ్రీ సీట్లు సగం ఖాళీ. ఇంకా వాటికి కోట్లకు కోట్లు ఎందుకు పొయ్యాలి?" అని. చదువురాని వాళ్లు కాదు, చదువుకున్నవాళ్లే ఈ మాట అంటున్నారు. వాళ్లలో చాలామంది అదే యూనివర్శిటీలో నామమాత్రపు ఫీజు కట్టి, హాస్టల్లో తిని, చదివి పైకి వచ్చినవాళ్లే. ఈ మాటకు జవాబు చెప్పాలన్నదే నా ప్రయత్నం. నేను సైన్సు విద్యార్థిని, రైతు బిడ్డను. నాకు తెలిసిన ఈ రెండు దారుల్లోనే జవాబు వెతికాను.

మొన్న వానాకాలంలో మా నాయన నన్ను చూడవచ్చాడు. ఇమ్లీబన్ బస్టాండులో దిగి, ఆటో కిరాయి ఎక్కువని నడుచుకుంటూ నయాపూల్ దాకా వచ్చాడు. నేను పోయేసరికి వంతెన మీద నిలబడి మూసీకి అటూ ఇటూ చూస్తున్నాడు. అటు అఫ్జల్‌గంజ్ వైపు ఉస్మానియా ఆస్పత్రి, ఇటు హైకోర్టు, దాని పక్కన సిటీ కాలేజి.

"ఇవన్ని ఎవరు కట్టిచ్చిన్రు బిడ్డా?" అని అడిగాడు.

"నైజాం కాలంల కట్టినయి నాయనా."

"కట్టినోళ్లు కట్టి పోయిన్రు. మరి ఇప్పుడు సున్నం ఎవరు ఏపిస్తున్నరు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి హాస్టలుకు పోయినాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

నయాపూల్ అంటే కొత్త వంతెన. పేరే కొత్త, వయసు పాతదే. దాని మీద నిలబడితే ఒక చరిత్ర కనబడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరాన్ని ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. ఆ దెబ్బ తిన్న ఊరు ఏడుస్తూ కూర్చోలేదు. విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద కట్టడికి పథకం వేయించారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1920లో హైకోర్టు భవనం, ఉస్మాన్‌సాగర్, 1921లో సిటీ కాలేజి భవనం, 1925 నాటికి ఆస్పత్రి వచ్చాయి. వరదలో మునిగిన ఊరు పదేళ్లలో ఒక యూనివర్శిటీ పెట్టుకుంది! అది కూడా ఉర్దూలో, అంటే ఒక దేశభాషలో ఉన్నత విద్య చెప్పే యూనివర్శిటీ.

రాజరికాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. ఆ సొమ్ము ఎక్కడిదో రైతు బిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. శిస్తు కట్టింది మన తాతముత్తాతలే. ఒక కళాశాల కడితే అందులో నుంచి ప్రశ్నించేవాడు కూడా పుట్టుకొస్తాడు. సిటీ కాలేజిలో పాఠాలు చెప్పిన కవి మఖ్దూం మొహియుద్దీన్ తరువాత ఆ రాజ్యాన్నే ఎదిరించి నిలబడ్డాడు. ప్రజల సొమ్ముతో పెట్టిన చదువుకు ఉండే బలం అది.

ఇప్పుడు అదే నయాపూల్ దగ్గర ఏం జరుగుతోంది? 2020లో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చి ఆస్పత్రి పాత భవనాన్ని ఖాళీ చేశారు. కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. హైకోర్టుకు కొత్త భవనం కోసం 2024 మార్చిలో రాజేంద్రనగర్ వైపు శంకుస్థాపన చేశారు. కారణాలు వేరువేరు కావచ్చు. భవనం చాలకపోతేనో, పాతబడితేనో ఇంకోచోట కట్టుకోవచ్చు. కాని విశ్వవిద్యాలయం అంటే భవనం కాదు. ఒక గురువు దగ్గర ఒక శిష్యుడు, ఆ శిష్యుడు గురువై ఇంకొకరికి చెప్పడం, ఈ వరుసే విశ్వవిద్యాలయం. ఆ వరుస తెగిందంటే ఏ మంత్రి వచ్చి కొబ్బరికాయ కొట్టినా తిరిగి లేవదు.

ఇక ఖాళీ సీట్ల సంగతికి వద్దాం. ఏదైనా చెప్పేముందు సరిగా కొలవమని సైన్సు మనకు నేర్పింది. కొలిచి చూద్దాం.

పిల్లలకు చదువు మీద ఆసక్తి తగ్గిందా? 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 18 నుంచి 23 ఏళ్ల వయసువారి లెక్కలో నూటికి 28 మంది ఉన్నత విద్యలో ఉంటే, తెలంగాణలో 40 మంది ఉన్నారు. అందులోనూ అబ్బాయిల కంటే అమ్మాయిలే ఒకింత ముందు. అంటే చదివేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. మరి సీట్లు ఎందుకు ఖాళీ? 2016 నుంచి డిగ్రీ ప్రవేశాల్లో చాలావరకు 'దోస్త్' ద్వారా జరుగుతున్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం సీట్లు నాలుగు లక్షల పైమాట. చేరేవారు రెండు లక్షలకు అటూ ఇటూ. కొన్ని కాలేజీల్లో ఒక్కరు కూడా చేరని సందర్భాలున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక వీధికొక కాలేజీకి అనుమతి ఇచ్చింది ఎవరు? అవసరం ఎంతో లెక్క చూడకుండా సీట్లు పెంచింది ఎవరు? విత్తనాలు ఎకరానికి ఎన్ని కావాలో మా నాయనకు తెలుసు. ఒక ఊరికి ఎన్ని సీట్లు కావాలో పట్నంలో కూర్చున్న పెద్దలకు తెలియలేదు. ఆ ఖాళీ సీట్లన్నీ ఇప్పుడు ప్రభుత్వ విద్య ఖాతాలో వేసి తప్పు మన మీద రుద్దుతున్నారు.

పోయినవాళ్లు ఎక్కడికి పోయారన్నది కూడా చూడాలి. 2024లో ఇంజనీరింగ్ కౌన్సెలింగు సీట్లలో దాదాపు మూడింట రెండు వంతులు కంప్యూటర్ సైన్సు, దాని పిల్ల శాఖలే. 2018లో ప్రైవేటు యూనివర్శిటీల చట్టం వచ్చింది, 2020లో ఒకేసారి ఐదు ప్రైవేటు యూనివర్శిటీలు వచ్చాయి. అక్కడి ఫీజులు లక్షల్లో. భూమి అమ్మగలిగినవాడు అమ్మి పంపుతున్నాడు. అమ్మడానికి భూమి లేనివాడికి మిగిలింది మన యూనివర్శిటీయే. మున్ముందు ఇంకో చిక్కు కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి తెలంగాణలో సగటున ఒక స్త్రీకి 1.8 సంతానం. అంటే రేపు కాలేజీకి వచ్చే పిల్లల సంఖ్యే తగ్గుతుంది. అప్పుడు "ఇక యూనివర్శిటీలు ఎందుకు?" అన్న గొంతు ఇంకా పెద్దదవుతుంది. జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా అన్న జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. పేరెందుకు గాని, "ఫీజంత గవర్నమెంటే కడతది, మీరు పైసా కట్టే పని లేదు" అని ఇంటికొచ్చి చెప్పి చేర్చుకున్నారు. మూడేళ్లు గడిచాయి. రీయింబర్స్‌మెంటు రాలేదు. సొంతంగా కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బుల్లో షావుకారు బాకీ పోగా మిగిలిన దానికి ఇంకొంత అప్పు కలిపి మా నాయన కట్టాడు. ఆ కాలేజీ వాళ్లను తిట్టి ఏం లాభం? అక్కడి లెక్చరర్లకే నెలల తరబడి జీతాలు లేవట. బకాయిల కోసం 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు, 2025 నవంబరులో వృత్తివిద్యా కాలేజీలు తలుపులు మూసిన సంగతి మీకందరికీ తెలిసిందే. అన్న సర్టిఫికెట్లు చేతికొచ్చిన రోజు మా నాయన నాతో ఒకటే మాట అన్నాడు: "నువ్వు మాత్రం సర్కారు కాలేజీలనే చదువు బిడ్డా." ఆ నమ్మకం మీదే నేను ఇక్కడికి వచ్చాను. నావంటి వాళ్లు ఈ నగరంలో వేలమంది ఉన్నారు. ఆ నమ్మకం నిలబడుతుందా లేదా అన్నదే నా బాధ.

మా ఊరికి ఒక చెరువు ఉంది. నా చిన్నప్పుడు అది పూడిక నిండి పళ్లెంలా ఉండేది. తూము పనిచేసేది కాదు. వానలు పడ్డా నీళ్లు రెండు నెలలు నిలిచేవి కావు. ముందు చివరి మడుల వాళ్లు వరి మానేశారు. అప్పు చేసి బోర్లు వేశారు. తరువాత నడిమి మడులూ బీడు పడ్డాయి. అప్పుడు ఒక అధికారి వచ్చి చూసి, "దీని కింద ఆయకట్టే లేదు కదా, దీనికి మరమ్మతు ఎందుకు?" అన్నాడట. మా ఊరి ముసలివాళ్లు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతారు. ఆయకట్టు లేదు కాబట్టి చెరువు ఎండలేదు సారూ, చెరువు ఎండింది కాబట్టి ఆయకట్టు పోయింది! 2015లో మిషన్ కాకతీయ మొదలైన తరువాత మా చెరువుకూ వంతు వచ్చింది. పూడిక తీశారు, ఆ మన్ను మా పొలాలకే తోలుకున్నాం. నీళ్లు నిలిచాయి. ఎవరూ డప్పు కొట్టి పిలవలేదు, చివరి మడుల వాళ్లు వాళ్లంతట వాళ్లే మళ్లీ నారు పోశారు.

మన యూనివర్శిటీల కథ కూడా అచ్చం ఇదే.

తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టులు దాదాపు 2,800. గత కొన్నేళ్ల లెక్కల్లో మూడింట రెండు వంతులకు పైగా ఖాళీలే. ఉస్మానియాలో చివరిసారి పెద్ద ఎత్తున నియామకాలు జరిగి పదేళ్లు దాటింది. రిటైరైన ప్రొఫెసరు కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆ పాఠం ఒక కాంట్రాక్టు లెక్చరరో, గంటల లెక్కన వచ్చే పార్ట్‌టైం లెక్చరరో చెబుతాడు. వాళ్లను తక్కువ చేయడం లేదు. ఇవాళ క్లాసులు నడుస్తున్నాయంటే అది వాళ్ల చెమటే. కాని రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి పదేళ్ల పరిశోధనకు ఎట్లా పూనుకుంటాడు? శాశ్వత అధ్యాపకులు తగ్గితే పరిశోధనకు గైడు దొరకడు. గైడు లేకపోతే పిహెచ్.డి. సీట్లు తగ్గుతాయి. పరిశోధన తగ్గితే కేంద్ర సంస్థల నుంచి వచ్చే ప్రాజెక్టుల డబ్బు తగ్గుతుంది. అది తగ్గితే లాబొరేటరీ పాతబడుతుంది, ర్యాంకు పడిపోతుంది. ర్యాంకు చూసి తల్లిదండ్రులు పిల్లల్ని వేరేచోట చేరుస్తారు. అప్పుడు అధికారి వచ్చి "ఆయకట్టు లేదు కదా" అంటాడు!

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను, చేసిన తీరు చూడండి. 2022 సెప్టెంబరులో ఉమ్మడి నియామక బోర్డు బిల్లును శాసనసభ ఆమోదించింది. అది రాజ్‌భవన్‌లో ఆగి, ఆ తరువాత రాష్ట్రపతి పరిశీలనకు పోయింది. 2024 మేలో వైస్ ఛాన్సలర్ల పదవీకాలం ముగిస్తే అక్టోబరు దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులు. 2025లో నియామకాలకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. మరి ఇన్నేళ్లుగా పనిచేస్తున్న మా సంగతేమిటని కాంట్రాక్టు అధ్యాపకులు రోడ్డెక్కారు. అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ 2023లో మూడు వేలకు పైగా పోస్టులకు ప్రకటన ఇచ్చి కోర్టు చిక్కుల్లో పడ్డారు. ప్రభుత్వాలు మారుతున్నాయి, జెండాలు మారుతున్నాయి, ఖాళీ కుర్చీ మాత్రం మారడం లేదు.

డబ్బు సంగతి కూడా చూద్దాం. యూనివర్శిటీకి ప్రభుత్వం ఇచ్చేది బ్లాక్ గ్రాంటు. అది జీతాలకు, పెన్షన్లకే చాలదు. పాత సంస్థల్లో పెన్షను తీసుకునేవారు ఎక్కువ, కొత్తగా చేరేవారు లేరు. మిగిలిన ఖర్చుకు యూనివర్శిటీ అనుబంధ కాలేజీల ఫీజు, పరీక్ష ఫీజుల వైపు చూడాలి. అక్కడ విద్యార్థులు తగ్గితే ఆ రాబడీ తగ్గుతుంది. ఇక మిగిలిన దారి మన జేబు. ఉస్మానియాలో 2023లో పిహెచ్.డి. ఫీజు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెంచితే విద్యార్థులు ఆందోళనకు దిగవలసి వచ్చింది. ఫీజు పెరిగితే పేదవాడు రాడు, పేదవాడు రాకపోతే సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గితే గ్రాంటు తగ్గుతుంది. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంది.

2025-26 రాష్ట్ర బడ్జెట్టు 3,04,965 కోట్లు. అందులో విద్యకు 23,108 కోట్లు. వంద రూపాయల్లో ఏడున్నర. అందులోనూ పెద్దభాగం బడులకు పోతుంది, పోవలసిందే కూడా. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ అదే మాట చెప్పింది. తాతకు చెప్పిన మాటే మనవడికీ చెబుతున్నారు. 2025 డిసెంబరులో ముఖ్యమంత్రి ఉస్మానియాకు వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారు. మంచిదే, చప్పట్లు కొడదాం. కాని ప్రకటన వేరు, జీవో వేరు, చేతికందే పైసా వేరు. వచ్చిన డబ్బు భవనాలకే పోతే చెరువుకట్టకు రంగు వేసి పూడిక వదిలేసినట్టే.

పైగా ఉస్మానియా పెద్దింటి బిడ్డ. దాని గోడు వినడానికి నలుగురుంటారు. నిజామాబాదులో 2006లో, నల్లగొండలో 2007లో, మహబూబ్‌నగర్, కరీంనగర్‌లలో 2008లో పెట్టిన యూనివర్శిటీల మాటేమిటి? పుట్టిన నాటి నుంచి అవి పూర్తి కడుపు ఎరగవు. హైదరాబాదు పంపడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయికి, పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే యూనివర్శిటీ అదే. అది మూతపడితే ఆ అమ్మాయి హైదరాబాదు రాదు. పెళ్లిపీటల మీదికి పోతుంది. "పిల్లలు లేరు" అనే లెక్కల్లో ఈ అమ్మాయి ఎక్కడా కనబడదు.

ఇది ఒక్క మన గొడవే కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం విద్యార్థులు తగ్గారని తన ఆరు ప్రభుత్వ యూనివర్శిటీలను 2022లో రెండుగా కలిపేసింది. వెస్ట్ వర్జీనియా యూనివర్శిటీ 2023లో లోటు బడ్జెట్టు పేరుతో 28 కోర్సులు ఎత్తేసి, 143 అధ్యాపక పోస్టులు తీసేయాలని నిర్ణయించింది. వాళ్లకు మన కన్నా ఎన్నో రెట్లు డబ్బుంది, అయినా దారి అదే. గొప్పవాళ్లు చేశారు కదా అని మనమూ అదే గుంటలో పడనక్కరలేదు. అక్కడ ఉన్న గురువులను తీసేస్తున్నారు, ఇక్కడ అసలు వేయనే లేదు. మనకు కొత్తగా తీసేయడానికి ఏం మిగిలింది?

తప్పంతా సర్కారుదేనంటే అది కూడా సగం నిజమే. మనల్ని మనం కూడా అద్దంలో చూసుకోవాలి. స్కాలర్‌షిప్పు కోసం పేరు రాయించుకుని క్లాసుకు రాని వాళ్లు మనలో లేరా? అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి పోయి చూడండి. 1891లో పుట్టిన గ్రంథాలయం అది. అక్కడ కూర్చున్న వాళ్లలో ఎక్కువమంది పోటీ పరీక్షల గైడ్లే తిరగేస్తుంటారు. ఉద్యోగం కావాలనుకోవడం తప్పు కాదు, నాకూ కావాలి. కాని యూనివర్శిటీని ఉద్యోగం వచ్చేదాకా తలదాచుకునే సత్రంగా మనమే చూస్తే, ఊళ్లోవాళ్లు దాన్ని గుడిగా ఎందుకు చూస్తారు? అధ్యాపకుల్లోనూ ఏళ్ల నాటి నోట్సే వల్లించేవారు ఉన్నారు. సిలబస్సు మారాలి, ప్రయోగాలు నిజంగా జరగాలి, పరీక్షలు వేళకు పెట్టాలి. ఇవి లోపాలే. కాని తూముకు చిల్లు పడిందని ఎవరూ చెరువును పూడ్చేయరు, చిల్లు పూడుస్తారు.

కాబట్టి మనం అడగవలసింది నాలుగే మాటలు. ఒకటి, ఖాళీ పోస్టులను ఏటా కొన్ని చొప్పున, గడువు పెట్టుకుని నింపాలి. ఏళ్లుగా పాఠం చెబుతున్న కాంట్రాక్టు అధ్యాపకుల అనుభవానికి అందులో న్యాయం జరగాలి. రెండు, బ్లాక్ గ్రాంటులో పెన్షన్ల లెక్క వేరు, చదువుల లెక్క వేరు చేయాలి. రిటైరైన గురువుకు ఇచ్చేది చదువుకునే పిల్లవాడి నోట్లోంచి తీయరాదు. మూడు, ఖాళీ సీట్లను తగ్గించేటప్పుడు అవసరం లేకుండా ఇచ్చిన అనుమతులు ముందు తీసేయాలి గాని, ప్రభుత్వ కళాశాలలో ఫిజిక్సు, తెలుగు, చరిత్ర వంటి కోర్సుల మీద ముందు కత్తి పెట్టరాదు. నాలుగు, జిల్లా యూనివర్శిటీలకు ఉస్మానియాతో సమానంగా కాకపోయినా, వాటి ఆకలికి తగినంత పెట్టాలి.

మరి మన వంతు? ఈ వేసవిలో ఊళ్లకు పోయినప్పుడు మనలో ప్రతి ఒక్కరం మన పాత జూనియర్ కాలేజీకి ఒక్కసారి పోదాం. దోస్త్ ఎట్లా నింపాలో, ప్రభుత్వ కళాశాలలో ఏ కోర్సులున్నాయో, ఫీజు ఎంతో, హాస్టలు ఎట్లా దొరుకుతుందో కనీసం ఐదుగురికి చెబుదాం. ఇంటికొచ్చి మాయమాటలు చెప్పేవాడికన్నా ముందే మనం ఆ ఇంటి గడప తొక్కాలి. మా అన్నకు ఆ రోజు ఈ సంగతులు చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

మా నాయనను మళ్లీ ఇమ్లీబన్‌లో బస్సెక్కించడానికి పోయాను. సున్నం సంగతి ఆయన మరచిపోలేదు. "మీ సార్లల్ల పర్మినెంటోళ్లు ఎంతమంది?" అని అడిగాడు. రాష్ట్రం మొత్తం మీద లెక్క చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. బస్సు కదిలే ముందు కిటికీలోంచి అన్నాడు: "చెరువు మనది అనుకున్నోడే పూడిక తట్ట ఎత్తుతడు బిడ్డా. సర్కారుది అనుకున్నోడు కట్ట మీద కూసోని చూస్తడు."

మిత్రులారా, చాలా కాలంగా కట్ట మీదే కూర్చున్నాం. ఇక దిగుదాం.